మా తాండూరింటికి చిత్రయంత్రము వచ్చిన కథ



యాత్రావృత్తాంతమనగా కాశీరామేశ్వరములకో, తిరుపతి శ్రీశైలములకో పోయివచ్చినవారు వ్రాయునదని మనకు వాడుక. నేను వ్రాయబోవు యాత్ర కొలదిగంటల రైలుప్రయాణము మాత్రమే. ఉదయమున బయలుదేఱి రాత్రికి ఇల్లు చేరితిమి. తెచ్చినది ప్రసాదము కాదు, పదునొకండు అట్టపెట్టెలు. అయినను ఆ యొక్కదినమునకై మా యింట నాలుగుమాసములు ఆలోచన జరిగినది. నా చేతిగాజుల జత బ్యాంకు పెట్టె చేరినది. మీలో నెవరికైనను ఇట్టి యాలోచన వచ్చినపుడు ఉపకరించునేమో యని దీనిని వ్రాయుచున్నాను.

మాది తాండూరు. వికారాబాదు జిల్లాలో, కర్ణాటకపు సరిహద్దునకు చేరువగా, కాగ్నానది దాపున నున్న పట్టణము. మీ యింటి నేలపై నీలిచాయగల నున్నని నాపరాయి పఱచియున్నచో, అది మా యూరినుండి వచ్చినదేమో యొకపరి విచారింపుడు. ఊరిచుట్టును రాతిగనులు, ఊరిలో ఆ రాళ్లను కోసి మెఱుగుపెట్టు యంత్రశాలలు. నల్లరేగడి చేలలో కంది పండును. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఒకే వీథిలో తెలుగు, ఉర్దూ, కన్నడము మూడును వినవచ్చును. ఇంత మంచియూరికి ఒక్కటే దోషము: రాతిధూళి. ఉదయము తడిగుడ్డతో తుడిచిన గడప సాయంకాలమునకు తెల్లబడును. ఈ ధూళిమాట మఱవకుడు. ముందు దీనితో పని కలదు.

మావారు ఉపాధ్యాయులు. నేను బడికి పోయి చదివినది స్వల్పము. మా తాతగారియొద్ద ఇంటనే అమరమును, భాగవతమును, ప్రబంధములు కొన్నింటిని చదివికొంటిని. కంప్యూటరును గూర్చి నాకు తెలిసినదంతయు మా ఆడుబిడ్డ నేర్పినదే. ఆమె హైదరాబాదులో యానిమేషను విద్య నేర్చి, ఒక చిత్రశాలలో మూడేండ్లు పనిచేసెను. నిరుడు మా మామగారికి పక్షవాతము వచ్చి కుడిచేయియు, మాటయు పడిపోయినవి. వారిని లేవనెత్తుటకు ఇంట ఇంకొక మనిషి కావలసివచ్చినది. అత్తగారు అడుగకముందే ఆడుబిడ్డ ఉద్యోగము విడిచి వచ్చెను. చిత్రశాలవారు మంచివారు, “ఇంటనుండియే పని చేయుము. కాని తగినంత శక్తిగల యంత్రమును నీవే సమకూర్చుకొనవలెను” అని కబురుచేసిరి.

ఆమెకు పాత లాప్‌టాపు ఒకటి కలదుగదా, అది చాలదా యని నేనే యడిగితిని. అపుడామె కాగితముపై నాకొక లెక్క చూపెను.

కదలు బొమ్మ యనగా నిజమునకు కదలనిబొమ్మల వరుస. సినిమాలో ఒక్క క్షణమునకు ఇరువదినాలుగు చిత్రములు గడచును. ఒక నిమిషమునకు 1440 చిత్రములు. తోలుబొమ్మలాటలో బొమ్మ యొక్కటియే, ఆడించు చేయియే మాఱును. ఇందులో నట్లుగాదు, ఒక్కొక్క చిత్రమునందును వెలుగు ఎక్కడ పడుచున్నది, నీడ ఎటు వాలుచున్నది, చీరకుచ్చె ఎట్లు మడతపడినది యని యంత్రము లెక్కగట్టి రంగులు నింపవలెను. దీనినే రెండరింగు అందురు. పాత లాప్‌టాపు ఒక్క చిత్రమునకు ఇరువది నిమిషములు తీసికొనుచుండెను. 1440 చిత్రములకు 28,800 నిమిషములు. అనగా ఇరువది పగళ్లు, ఇరువది రాత్రులు. నిమిషకాలపు బొమ్మకు ఇరువది దినములు! ఇక కూలి గిట్టుట ఎట్లు?

వీడియో కూర్పు పనియు నట్టిదే. నేడు వాడుకలోనున్న 4కె చిత్రమునందు అడ్డము 3840, నిలువు 2160 చుక్కలు, మొత్తము 82,94,400. కుదింపక యుంచినచో ఒక్కచిత్రమే యించుమించు ఇరువదియైదు మెగాబైట్లు. క్షణమునకు ఆఱువందల మెగాబైట్లు. ఆ ప్రవాహము భరింపలేకయే చిత్రములను కుదించి దాచెదరు. కుదించినదానిని మరల విప్పుటకు యంత్రము శ్రమపడవలెను.

లెక్క విని మావారు కొంతసేపు మౌనముగా నుండిరి. యంత్రమునకు లక్షా డెబ్బదివేలకు పైబడునని అంచనా. ఆడుబిడ్డ కూడబెట్టినది అఱువదివేలు. మిగిలినదానికి నా గాజులు కుదువబెట్టుదమని నేనంటిని. బంగారము వెల మిక్కిలి పెరిగియుండుటచే ఒక జతయే చాలును.

“బంగారము పాతబడదు. ఈ యంత్రము నాలుగైదేండ్లలో పాతబడును. రెంటిని ఏ తక్కెడలో తూచుదువు?” అని వారడిగిరి. వారి మాటలో తప్పులేదు. నాకు ప్రత్యుత్తరము తోచలేదు. అపుడు మా అత్తగారు, “గాజులు పెట్టెలోనుండిన చెడవు గాని, పిల్ల నేర్చినవిద్య పెట్టెలోనుండిన చెడును బిడ్డా” అనిరి. ఆ రాత్రి మావారే బ్యాంకు కాగితములు తీసిరి.

ఫాల్గునమాసమున ఒకనాటి ఉదయము ఆడుబిడ్డయు నేనును సికిందరాబాదు రైలెక్కితిమి. ఈ యినుపదారి నేటిది కాదు; వాడినుండి సికిందరాబాదువఱకు 1874లోనే నిజాము రాజ్యమున పడినది. కందుల ఋతువగుటచే పెట్టెలో సంచులతో వచ్చిన రైతులు పలువురు. ధారూరు దాటిన పిదప అడవి చేరువయ్యెను. మోదుగులు ఆకురాల్చి పూలతో మాత్రమే నిలిచియుండెను. వికారాబాదుచెంత అనంతగిరి కొండలు. హైదరాబాదు నగరమునడుమ పారు మూసీనది పుట్టినది ఆ కొండలలోనే. అనంతపద్మనాభస్వామి ఆలయమును అక్కడనే. కూర్చున్నచోటనుండియే నమస్కరించితిమి.

శంకరపల్లి వచ్చులోపల ఆడుబిడ్డ నాకు కొనవలసినవానిని పాఠము చెప్పెను.

“ప్రాసెసరు వంటమనిషి, వదినా. దానికెన్ని కోరులుండిన అన్ని చేతులు. మదర్‌బోర్డు వంటయిల్లు. ర్యామ్ గట్టు, పనికి కావలసినవన్నియు దానిపై పఱచుకొనవలెను. ఎస్.ఎస్.డి. చేతికందు అలమర, హార్డ్ డిస్కు సంవత్సరపు సరకు దాచు కొట్టుగది.”

“మఱి గ్రాఫిక్స్ కార్డో?”

“పెండ్లివంటకు పిలుచు పరిచారకులు. ఒక్కొక్కరు చేయుపని చిన్నది, కాని వేలమంది ఒకేసారి చేయుదురు. బొమ్మలకు రంగు నింపునది వారే. అయితే వారికి తమ గట్టు తమకు వేఱుగా నుండవలెను. దృశ్యమంతయు ఆ గట్టుపై పట్టకున్నచో పని నత్తనడక నడచును, ఒక్కొక్కపుడు నిలిచిపోవును. అందుకే కార్డునందు పదునాఱు గిగాబైట్ల మెమరీ యుండవలెనని నా పట్టు.”

లింగంపల్లి వచ్చునప్పటికి నాకు పాఠము కంఠస్థమైనది. అమరము వల్లెవేసినదానికి ఇది యొక లెక్కయా!

సికిందరాబాదులో పార్కులేను వీథియందు చెనాయ్ ట్రేడ్ సెంటరను కట్టడము కలదు. సి.టి.సి. యన్న నెవరైనను త్రోవ చూపుదురు. అంతస్తులనిండ కంప్యూటరు అంగళ్లే. ఇరుకైన నడవలు, మెట్లపై పెట్టెలు మోయు కుఱ్ఱవాండ్రు, టీగ్లాసులు, బేరములు. చీరల బజారునకును దీనికిని కోలాహలములో భేదము లేదు. ఆడుబిడ్డ మొదట నాలుగంగళ్లలో వెలలు వ్రాయించుకొని, పిదప అయిదవ అంగడిలో కూర్చుండెను.

అంగడివాడు చీటి చూచి, “మీ తమ్మునికి ఆటలకా, మేడమ్?” అనెను. “పని నాది” అని యామె. అంతట నతడు కుర్చీ ముందునకు లాగికొని పెద్దమనుష్యునితో మాటాడునట్లు మాటాడజొచ్చెను. పని యెట్టిదని యడిగి తెలిసికొని, “ఇంత ఖరీదైన ప్రాసెసరు మీకక్కఱలేదు. రెండరింగు కార్డు చేయును. ఒక మెట్టు దిగి, ఆ డబ్బు కార్డునకు కలుపుడు” అని తన లాభము తగ్గునట్టి సలహా చెప్పెను. మొత్తములో నాలుగవపాలు ఆ కార్డునకే పోయెను. 2025 చివరినెలలనుండి మెమరీ వెలలు మిక్కిలి పెరిగినవట. కృత్రిమమేధకై లోకమంతటను కట్టు భారీ యంత్రాగారములు మెమరీని కొనివేయుటయే దానికి కారణమట. అందుచే అఱువదినాలుగు కోరినచోట ముప్పదిరెండు గిగాబైట్లతో సరిపెట్టుకొంటిమి. అది పదునాఱేసి రెండు పలకలుగా నున్నది. ఇంకను రెండు గాడులు ఖాళీగా నున్నందున గాజులు విడిపించిన పిదప పెంచుకొనవచ్చును.

రంగురంగుల దీపములు మెఱయు కేబినెట్టొకటి నా కన్నులను లాగినమాట నిజము. ఆడుబిడ్డ దానిని దాటిపోయి, ముందుభాగమంతయు జల్లెడవలె నుండి, లోపల ధూళివల తీసి కడుగుటకు వీలైన నల్లనిపెట్టె నేఱుకొనెను. పవర్ సప్లై యొద్ద నేను వేయి రూపాయలు తగ్గింపజూచితిని. “వదినా, అది యింటి పునాది. అది చెడిన తాను పోవుటయేగాక తక్కినవానిని గూడ తీసికొనిపోవును” అని నా చేయి పట్టుకొనెను. మానిటరుకొనునపుడు పరిమాణముకన్న వర్ణశుద్ధి చూడవలెనని తెలిసికొంటిని. మన తెరపై పసుపుగా కనబడినది చూచువారి తెరపై ఆకుపచ్చగా కనబడినచో చేసినపని వృథా.

ప్రతివస్తువునకును పన్నుతోకూడిన బిల్లు అడిగితిమి. పూచీ సంవత్సరములు బిల్లుపైననే నడచును. కావున బిల్లులేని తగ్గింపు తగ్గింపు కాదు.

సాయంకాలపు రైలులో పెట్టెలన్నియు సర్దుటకు కందుల వ్యాపారి యొకరు సాయపడి, “ఏమమ్మా, పెండ్లిసామానా?” అనిరి. గ్రాఫిక్స్ కార్డు పెట్టెను ఆడుబిడ్డ ఒడిలోనుంచుకొని తాండూరువఱకు దించలేదు. స్టేషనులో మావారు ఆటోతో నిలిచియుండిరి.

మఱునాడు ఆదివారము. బల్లపై మా యూరి నాపరాతిపలక యొకటి పఱచి, దానిపై పని మొదలిడితిమి. నైలానుచీర విడిచి నూలుచీర కట్టుకొమ్మని నాకాజ్ఞ. పొడిగాలిలో చేతులయందు పుట్టు సూక్ష్మవిద్యుత్తు మనకు తెలియకయే ఆ సున్నితపుభాగములను కాల్చగలదట. మాటిమాటికి కేబినెట్టు ఇనుమును తాకుచు పనిచేసితిమి. ప్రాసెసరు మూలనున్న గుర్తును గాడి గుర్తుతో కలిపి, నొక్కకయే జాఱవిడిచితిమి. దానిపై వేడినిలాగు లేపనము కందిగింజంత. కూలరు బిగింపు, ఎస్.ఎస్.డి., ర్యామ్, తీగలు, చివరకు కార్డు. మధ్యాహ్నము రెండుగంటలకు మీట నొక్కితిమి.

పంఖాలు తిరిగినవి. తెర చీకటిగానే యుండెను.

ఆ క్షణమున ఇంటిలో మాటలేదు. అత్తగారు నా రిక్తహస్తమువంక చూచి, చూడనట్లు తలత్రిప్పుకొనిరి. ఆడుబిడ్డ ముఖము తెల్లబోయెను. బోర్డుపై మెమరీ గుర్తుచెంత చిన్నదీప మొకటి వెలుగుచుండుటను నేను చూచితిని. విద్యుత్తు తీసివేసి, కూడ వచ్చిన పుస్తకమును విప్పితిమి. రెండుపలకలే యున్నపుడు రెండవ, నాలుగవ గాడులలో నుంచవలెనని యందు బొమ్మవేసి యున్నది. మేము మొదటి మూడింట నుంచితిమి. అదియుగాక నొకపలక ఒకకొన పైకి లేచియుండెను. తీసి, సరియైన గాడులలో టక్కుమని చప్పుడగువఱకు నొక్కితిమి.

మరల మీట. మరల చీకటి. ఆమె విద్యుత్తు తీయబోయెను. నేను ఆపితిని, పుస్తకములో క్రిందిపంక్తి నేను చదివియుంటిని. క్రొత్తమెమరీని యంత్రము మొదటిసారి పరీక్షించి అలవాటుపఱచుకొనుటకు కొన్ని నిమిషములు పట్టును, అంతవఱకు తెర వెలుగకపోవచ్చును, నడుమ ఆపరాదు. “తోడుపెట్టినపాలు కదపరాదమ్మా” అంటిని. మూడునిమిషములు గడచినవి. తెరపై తెల్లని యక్షరములు వచ్చినవి. ఆడుబిడ్డ నన్ను కౌగిలించుకొనెను. మావారు తలుపుచాటున కన్నులు తుడుచుకొనుట నేను చూడలేదని వారి నమ్మకము.

యంత్రము నిలిచినంతమాత్రమున చాలదు; తాండూరులో బ్రతుకవలెను. ఇక్కడ మా గృహిణీవిద్య పనికివచ్చినది. యంత్రమును నేలపై నుంచక బల్లపై, వీథికిటికీకి దూరముగా నుంచితిమి. గాలి లోనికిలాగు పంఖాలు మూడు, వెలికిద్రోయునది ఒకటి. లోన గాలి నిండుగానుండిన సందులనుండి ధూళి చొరదు. ఆ గదిలో చీపురు నిషిద్ధము, తడిగుడ్డయే. ప్రతి యాదివారమును ధూళివల తీసి కడిగి, నీడను బాగుగ నారనిచ్చి తొడుగుదును. మొదటివారమే ఆ వలపై పలుచని గంధపుపూతవలె రాతిపొడి కనబడెను. వేసవిలో పెద్దరెండరింగు రాత్రివేళనే జరుపుదుము. పగటివేడిమికి యంత్రము తనంతట తాను వేగము తగ్గించుకొనును.

విద్యుత్తు పోయినపుడు ఇంటి యిన్వర్టరు చాలునని తలచితిమి. చాలదు, అది మేలుకొను రెప్పపాటులో కంప్యూటరు ఆగిపోవచ్చును. కావుననే వేఱుగా యు.పి.ఎస్. దానిపై 1100 వి.ఎ. అని యుండును గాని మోయగలిగినది ఇంచుమించు 660 వాట్లే. కొనువారు వాట్లనే యడుగవలెను. బొమ్మను ఒకే వీడియోగా గాక, అంకెలు వేసిన విడిచిత్రములుగా రెండరు చేయుట యింకొక యుపాయము. నడుమ ఆగినను పోవునది ఒక్కచిత్రమే. అప్పడములొత్తునపుడు దీపమాఱినచో చేతిలోనిదొక్కటియే చెడినట్లు. పనియంతయు మూడుప్రతులు: ఒకటి ఎస్.ఎస్.డి.లో, ఒకటి హార్డ్ డిస్కులో, ఒకటి వేఱింట. ఉపకరణములలో బ్లెండరను బొమ్మలపనిముట్టునకు వెలలేదు. కూర్పునకు వాడు డావించి రిజాల్వునకును ఉచితరూపము కలదు. కనుక ఖర్చు యంత్రమునకే.

పాతయంత్రము ఇరువది నిమిషములు తీసికొనినచిత్రమును క్రొత్తది నిమిషమున్నరలో ముగించుచున్నది. ఇరువదిదినములపని ముప్పదియాఱుగంటలకు దిగినది.

ఇదంతయు బొమ్మలకేనా యని మీలో కొందఱనవచ్చును. మన పిల్లలు అన్నము తినుచు చూచు ఛోటా భీము 2008లో మొదలైనది. దానిని చేసినది హైదరాబాదు సంస్థయే. 1957లో మాయాబజారునందు మార్కస్ బార్ట్లే కెమెరాతోనే చేసిన మాయలను నేడును చూచి మురియుచున్నాము. 2015లో బాహుబలి మాయలు కంప్యూటరుచే నయినవి. అంతకుముందెంతో కాలమున, ఉష కలలో చూచినవానిని గుర్తించుటకు రాజకుమారుల రూపములన్నియు వ్రాసిచూపినది చిత్రలేఖ యను ఆడుది కాదా? చిత్రవిద్య మనకు పరాయిది కాదు.

ఆ కథనే నేను చెప్పగా, తీరికవేళలలో ఆడుబిడ్డ బొమ్మగా చేయుచున్నది. ఒకనాడు కొంతభాగమును మామగారి మంచముచెంత చూపితిమి. వారు ఎడమచేయి ఎత్తి తెరవంక మాటిమాటికి చూపిరి. ఏమోయని మరల మరల వేసి చూచితిమి. చెట్టుకొమ్మలు ఒకవైపు ఊగుచుండ, ధూపపు పొగ దానికెదురుగా పోవుచుండెను! మా యిరువురికన్నులకును అందనితప్పు వారికందినది. నాలుగుక్షణముల దృశ్యము, తొంబదియాఱు చిత్రములు, మరల రెండరు చేసితిమి. అది మొదలు ప్రతిదృశ్యమును మొదట వారికి చూపుట ఆచారమైనది. మాటపోయినదినమునుండి వారిని ఎవరును ఏమియు అడుగక విడిచితిమని నాకపుడు తెలిసినది.

గాజులింకను ఇంటికి రాలేదు. ఆడుబిడ్డ సంపాదనతో మూడు వాయిదాలు చెల్లినవి, తక్కినవి మిగిలియున్నవి. యంత్రము పాతబడునన్న మావారిమాట యథార్థమే. అది పాతబడులోపల గాజులు రావలెనని మా లెక్క. ఈ వ్యాసము ముగించుచుండగా ప్రక్కగదిలో పంఖాలచప్పుడు వినవచ్చుచున్నది. బొమ్మలు ఒక్కొక్కటిగా నయుచున్నవి. రేపు ఆదివారము. ధూళివల కడుగవలెను.